అలిగి కూర్చునే మూల

షెడ్డులో ఆమెను అందరూ రైటరమ్మ అంటారు. చదివిందేమో అయిదో తరగతి. ఎక్కడైనా సంతకం పెట్టమంటే పెన్ను గాల్లో రెండుసార్లు ఆడించుకుని గాని కాగితం మీద పెట్టదు. అలాంటి మనిషికి ఆ పేరు తగిలించింది ఆమె మొగుడే. ఆయన కార్లలో కరెంటు పని చేసేవాడు. ఏ తీగ ఎక్కడ చచ్చుబడిందో వేళ్ళతో తడిమి చెప్పేవాడు గాని, రెండు ముక్కలు రాయమంటే చేతులు వెనక్కి దాచుకునేవాడు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చి మోచేతులకూ మొహానికీ సబ్బు పట్టించుకుంటూ, ఆ రోజు పట్టుకున్న రోగాన్ని మర్చిపోకముందే గబగబా చెప్పేవాడు. ఆమె గోడకు చేరగిలబడి, మోకాళ్ళ మీద నల్ల అట్ట పుస్తకం పెట్టుకుని రాసేది.

"రాశావా రైటరుగారూ?"

"మీరు నోటినిండా సబ్బు నురగ పెట్టుకుని మాట్లాడితే ఏం రాస్తాను? కడుక్కుని చెప్పండి."

"కడుక్కునేలోపు మర్చిపోతానోయ్."

"అన్నం తినటం మాత్రం ఏనాడూ మర్చిపోరు."

అలా పాతికేళ్ళు రాసింది.

ఆ రాత ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. అందులో తప్పు ఆమెదీ కాదు, ఆయనదీ కాదు. వాళ్ళు మొదట కాపురం పెట్టిన ఇంటిది.

ఖరీదైన పాత బళ్ళలో కరెంటు సామాను ఒక్కచోట ఉండదు. ఫ్యూజు పెట్టెలే నాలుగు చోట్ల దాస్తారు. రిలేలని అగ్గిపెట్టెంత డబ్బీలుంటాయి. దేనికి ఎప్పుడు కరెంటు వదలాలో, ఎప్పుడు ఆపాలో అవి చూసుకుంటాయి. ఒకటి సీటు కింద ఉంటే ఇంకొకటి తివాచీ కింద, మరొకటి తలుపు రేకు లోపల. వెతకటానికి ఒక రోజు పడుతుంది, దొరికాక బాగుచెయ్యటానికి పావుగంట. కాబట్టి ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవటంలోనే ఉంది అసలు పనితనమంతా. ఆ చోట్లకు కంపెనీ వాళ్ళు పెట్టిన పేర్లు ఆయనకు నోరు తిరిగేవి కావు, ఆమెకు చెయ్యి తిరిగేవి కావు.

మొదట దిగిన ఆ అద్దె వాటా రైలుపెట్టెలా ఉండేది. పిండిమర వెనక సందులో గది వెనక గది, గది వెనక గది. ఎక్కడా లేని చోద్యంగా వంటిల్లు వీధిలోకి ఉండేది. పెద్ద ఇంటిని మూడు ముక్కలు చేసిన యజమాని, పొగగొట్టం ఉన్న ముక్కను వీళ్ళకు అంటగట్టాడు. వంటిల్లు దాటితే నడిమి గది, అది దాటితే పడకగది, దాని వెనక రేకుల కింద సామాను కొట్టు. ఒక సాయంత్రం ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇంటిని ఆ కొస నుంచి ఈ కొసకు చూసి పగలబడి నవ్వాడు.

"ఏమోయ్, మనం ఇల్లనుకుని కారు అద్దెకు తీసుకున్నాం. ముందు పొగా, వేడీ, నీళ్ళూ. అంటే ఇంజను. తర్వాత ముందు సీట్లు. ఆ వెనక మనం పడుకునేది వెనక సీటు. చిట్టచివర డిక్కీ."

"మరి చక్రాలేవి?"

"చక్రాలు కూడా ఉంటే అద్దె పెంచేస్తాడు. గట్టిగా అనకు."

ఆ పూట నుంచి పుస్తకంలో బండి ఇల్లయిపోయింది. వీధి వైపు ముఖం పెట్టి నిలబడి కుడి ఎడమలు చూసుకోవాలి, అంతే. "వంటింట్లో ఉప్పు డబ్బా" అంటే ఇంజను పక్కన ఎడమవైపు ఫ్యూజు పెట్టె. "ఉయ్యాల కొక్కెం" అంటే నడినెత్తి మీద దీపం. "అత్తగారి పెట్టె" అంటే డిక్కీలో పాటల మోత పెంచే డబ్బా. ఆయన తల్లి ట్రంకు పెట్టెలాగే అదీ మహా బరువు, ముట్టుకుంటే అరుపులు.

కూతుర్ని బడిలో వేసిన ఏడు వేరే ఇంటికి మారారు. ఇక్కడ వంటిల్లు అందరి ఇళ్ళలో లాగే వెనక ఉంది. అయినా పుస్తకంలో వంటిల్లంటే ఇంజనే. కాకపోతే కొత్తింటి సామాన్లు కొన్ని వచ్చి పాతవాటి మధ్య చేరాయి. పాత వాటాను తర్వాత కూలగొట్టారు. ఇప్పుడు అక్కడ బట్టల దుకాణానికి వచ్చేవాళ్ళు బళ్ళు నిలుపుకుంటారు. రైటరమ్మ ఆ సందులోకి వెళ్ళటమే మానేసింది.

ఎనిమిది నెలల కిందట ఆయన పోయాడు. ముందు రోజు ఒంట్లో నలతగా ఉందన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రి మంచం మీద ఆయన చెయ్యి ఆమె చేతిలోనే చల్లబడింది. కూతురు నెల రోజులు దగ్గరుండి అత్తారింటికి వెళ్ళింది. షెడ్డు ఆయన తమ్ముడు చూసుకుంటున్నాడు. నల్ల అట్ట పుస్తకాన్ని ఆయన తువ్వాల్లోనే చుట్టి, బీరువాలో దుప్పట్ల అడుగున పెట్టిందామె. మళ్ళీ తియ్యలేదు. అందులో ఇంకా ఖాళీ కాగితాలున్నాయి. వాటిని చూడాలంటేనే భయం.

బుధవారం పొద్దున మరిది వచ్చాడు. టీ ఇస్తే గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు గాని నోట పెట్టుకోలేదు.

"ఏంటి, చక్కెర సరిపోలేదా?"

"అది కాదు వదినా. డాక్టరుగారి నల్ల బండి షెడ్డుకు వచ్చింది. ఇవాళ్టికి ఆరు రోజులు."

ఆమె వీధి మలుపు వైపు చూసింది. అందుకా ఈ వారం హారను వినపడలేదు!

కంటి డాక్టరుగారి పొడుగాటి బండి అది. ఇరవై అయిదేళ్ళ నాటిది. కరెంటు పని వరకు ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు దాని మీద. ఆయన చేసిన పాత బళ్ళన్నీ ఒక్కొక్కటీ తూకానికి వెళ్ళిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. రోజూ సాయంత్రం అయిదున్నరకు వీధి మలుపులో రెండు గొంతులు కలిపినట్టు హారను కొట్టుకుంటూ వెళ్ళేది. "అదుగో నా పెద్దకూతురు" అనేవాడు ఆయన. ఆయన పోయాక కూడా ఆ వేళకు ఆమె ఏదో ఒక పని కల్పించుకుని గుమ్మంలోకి వచ్చేది. బండి వెళ్ళిపోయాక లోపలికి వచ్చి దీపం వేసేది.

"దానికేమైంది?"

"తాళం వేసి పెడితే రెండు రోజులకు బ్యాటరీ చస్తోంది. కొత్తది వేశాను, అదీ చచ్చింది. లోపల ఏదో పడుకోకుండా కరెంటు తాగుతోంది. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకి చూశాను, మీటరులో అంకె దిగదు. కంప్యూటరు తగిలిస్తే అంతా క్షేమం అంటుంది. నాకు చుక్కలు కనపడుతున్నాయి వదినా."

"మీ అన్నయ్య ఒకప్పుడు ఇదే రోగం చూశారు."

"అందుకే వచ్చాను. డాక్టరుగారు శుక్రవారం దాకా చూస్తానన్నారు. కాకపోతే పాత ఇనుము వాళ్ళకే. శనివారం పొద్దున లారీ పంపుతారట. ఆ పుస్తకం ఒకసారి తీస్తావా?"

ఆమె లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. దుప్పట్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. నాలుగు దుప్పట్లు తియ్యటానికి అంతసేపు ఎందుకు పట్టిందో మరిది అడగలేదు. తువ్వాలు విప్పితే గ్రీజు వాసన, సబ్బు వాసన కలిసి వచ్చాయి. పేజీలు తిప్పి, దొరికాక వేలు పెట్టి పైకి చదివింది.

"డాక్టరుగారి నల్ల బండి. తాళం వేసినా నిద్రపోదు. దాన్ని నిద్రపుచ్చే రిలే నేను అలిగి కూర్చునే మూలలో ఉంది. అక్కడ తడి చూసుకోవాలి. గుడ్డతో పైకి కట్టారు."

మరిది నోరు తెరిచాడు. "ఇది బండి గురించి రాశారా వదినా, మీ కాపురం గురించి రాశారా?"

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినదాన్ని పెదవి కింద నొక్కేసింది.

"సరే, నవ్వితే నవ్వావు గాని చెప్పు. అలిగితే ఎక్కడ కూర్చునేదానివి?"

"ఇంకెక్కడ, వంటింట్లో. అదిగో, ఆ నీళ్ళ డ్రమ్ము పక్కన పీట మీద."

మరిది ఠక్కున లేచాడు. "వంటిల్లంటే ఇంజనని అన్నయ్య అనేవాడు. నీళ్ళ డ్రమ్మంటే ముందు అద్దం కింద వాననీళ్ళు దిగే మూల. తడి చూసుకోమన్నాడు కదా! అయిపోయింది, దొరికింది." చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "నువ్వూ రా వదినా."

షెడ్డులో నల్ల బండి బానెట్ తెరుచుకుని ఉంది. డాక్టరుగారి డ్రైవరు బాబాయి గుడ్డముక్కతో దాని తలుపు తుడుస్తున్నాడు. శనివారం లారీ ఎక్కబోయే బండిని కూడా అలాగే తుడుస్తున్నాడు. ఆమెను చూసి గుడ్డ దులిపి నిలబడ్డాడు.

"రా అమ్మా. దీని సంగతి చూడు. డాక్టరుగారికి మనసు విరిగిపోయింది."

పక్క బండికి సొట్టలు తీస్తున్న డెంటింగ్ మేస్త్రి సుత్తి ఆపి తల పైకెత్తాడు. "రైటరమ్మ వచ్చింది. ఇంకేం, స్టేషను రైటరులా కేసు రాసి బండిని లోపల వేసేస్తుంది."

"ముందు నీ నోటి మీద రాస్తుంది కేసు" అన్నాడు మరిది.

అద్దం కింద నల్ల ప్లాస్టిక్ మూత ఒకటుంది. పాతికేళ్ళ ఎండకు పెళుసుబారిపోయింది. మరిది మెల్లగా లేపుదామనుకున్నాడు గాని అది టప్పున రెండు ముక్కలయింది. డ్రైవరు బాబాయి తనకే దెబ్బ తగిలినట్టు "అయ్యో" అన్నాడు. మూత కింద ఎండుటాకులు, మట్టి, ఒక పిట్ట ఈక. వాటిని ఎత్తిపోశారు. తీగలున్నాయి, గొట్టాలున్నాయి. రిలే లేదు. మరిది పక్కవీ ఊడదీశాడు, కిందవీ ఊడదీశాడు. మూడు గంటలు గడిచాయి. ఆమె చేతి లైటు పట్టుకుని నిలబడే ఉంది. మొగుడి పక్కన ఎన్నోసార్లు పట్టుకున్న లైటే. చెయ్యి లాగుతోందంటే "బండికి ఆనించుకుని పట్టుకోవోయ్" అనేవాడు. ఇప్పుడు లాగినా ఆ మాట అనేవాళ్ళు లేరు.

"ఏం తమ్ముడూ" అన్నాడు డెంటింగ్ మేస్త్రి, "నువ్వు బండిని వెతుకుతున్నావా, బండి నిన్ను వెతుకుతోందా?"

మరిది పానా నేలకేసి కొట్టాడు. విరిగిన మూత ముక్కలు రెండూ కలిపి చూశాడు, పక్కన పెట్టాడు. వదిన వైపు చూడకుండా అన్నాడు. "ఇక వద్దులే వదినా. అన్నయ్య బుర్రలో ఉన్నది అన్నయ్యతోనే పోయింది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళు. మనకు పనికొచ్చేది కాదది."

గట్టిగా తిట్టినా బాగుండేది. మెత్తగా అనేసరికి ఆమెకు ఇంకా నొప్పెట్టింది.

సాయంత్రం అయిదున్నర అయింది. గుమ్మంలోకి వెళ్ళలేదు. వినపడని హారను కోసం ఏమని నిలబడుతుంది? వంటింట్లో నీళ్ళ డ్రమ్ము పక్కన పీట మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా తన అలకల చోటు అదే. కోపం వస్తే వచ్చి కూర్చునేది. ఆయన వచ్చి చెంబుతో నీళ్ళు ముంచుకునే నెపంతో చుట్టూ తిరిగేవాడు. ఒకసారి ముంచి, పారబోసి, మళ్ళీ ముంచి. "ఇంట్లో చేపలున్నాయా ఏమిటి, ఇన్ని నీళ్ళు?" అని ఆమె విసుక్కునేదాకా ముంచుతూనే ఉండేవాడు. మాటంటూ బయటికొస్తే అలక తీరినట్టే. ఇప్పుడు ఎంతసేపు కూర్చున్నా చెంబు కదలదు. అలిగినా ఎవరి మీద అలగాలి?

పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. పనికిరాదన్న పుస్తకం. నల్ల బండి పేజీ మళ్ళీ చదివింది. తన చేతిరాతే. గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉంది. తిప్పి వెనక చూసింది.

వెనక వైపు పెన్సిలుతో గీసిన సున్నాలున్నాయి. ఒకదానిలో ఒకటి, ఒకదాని మీద ఒకటి, కాగితం చిరిగేంత గట్టిగా. కూతురి చేతివి. మూడేళ్ళ పిల్ల పెన్సిలు పిడికిట బిగించి పట్టుకుని గీసేది, లాక్కోబోతే ఊరంతా వినపడేలా ఏడ్చేది. మూడేళ్ళ పిల్ల! అప్పటికింకా బడిలో వెయ్యలేదు.

అంటే ఇది రాసింది ఈ ఇంట్లో కాదు.

పుస్తకంలో ఏనాడూ తారీఖు వెయ్యలేదు. వెయ్యాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆమె కళ్ళు మూసుకుంది. పాత వాటాలో వంటింట్లో అలిగి కూర్చునేదాన్నా? వంటిల్లు వీధిలోకి ఉండేది. తలుపు తీస్తే పాలవాడు, పిండిమరకు వచ్చేవాళ్ళు, ఎదురింటి ముసలావిడ అందరికీ కనపడేది. మూతి ముడుచుకుని అక్కడ కూర్చుంటే సాయంత్రానికి సందంతా చెప్పుకునేది. లేదు, వంటింట్లో కాదు. వంటిల్లు దాటింది. నడిమి గదిలో ఉయ్యాల కొక్కెం కింద నుంచి నడిచింది. పడకగది. వీధి వైపు ముఖం పెట్టుకుంటే కుడిచేతి పక్కన బీరువా. బీరువాకూ గోడకూ మధ్య ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుంటే పట్టేంత చోటు. నేల మీద. పైన కప్పు కారేది, ఎప్పుడూ చెమ్మగా ఉండేది.

అక్కడికి చేరగానే ఆ రోజు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది.

అప్పుడు నల్ల బండి కొత్తదానిలా మెరిసిపోయేది. ఏదో అవసరానికి ఆయన దాన్ని ఇంటి ముందు ఆపాడు. వెనక సీటు మెత్తటి తోలు, సోఫాలాగా ఉంది. "ఒక్కసారి, వీధి మలుపు దాకా కూర్చోబెట్టి తిప్పండి" అంది. ఆయన ససేమిరా అన్నాడు. "మనది కాని బండిలో పనుంటేనే కూర్చోవాలి. ఊరికే కూర్చోకూడదు." అందరికీ చెప్పే మాటే పెళ్ళానికీ చెప్పాడు. ఆమె వెళ్ళి బీరువా పక్కన కూలబడింది. సాయంత్రం ఆయన సబ్బు చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"రాసుకో రైటరూ."

"నాకు చెయ్యి నొప్పి."

"అయితే నేనే రాస్తా."

సబ్బు చేతులతో పుస్తకం అందుకోబోతే ఆమె చటుక్కున లాక్కుంది. "పాడు చెయ్యకండి. చెప్పండి, ఎక్కడుంది ఆ మాయదారి రిలే?"

"ఎక్కడుందంటే, నువ్విప్పుడు కూర్చున్నావే, సరిగ్గా అక్కడే. అక్కడా పైనుంచి నీళ్ళు కారుతున్నాయి, ఇక్కడా కారుతున్నాయి. ఇవి కప్పువో, నీ కళ్ళవో మాత్రం తెలియటం లేదు."

ఆమె మరిదికి ఫోను చేసింది. "ఇదిగో, వంటింట్లో కాదు. పడకగదిలో. వెనక సీటు, కుడి మూల, అడుగున."

"వదినా, పొద్దునే ఒక మూత పోయింది."

"రేపు ఒక్క గంట. ఒక్క గంట చూడు. దొరక్కపోతే నువ్వన్నట్టే పుస్తకం మూసి పెట్టేస్తాను."

గురువారం పొద్దున షెడ్డు తెరిచేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. మరిది వెనక సీటు రెండు చేతులతో పట్టి లేపాడు. టక్ టక్ మని కొక్కేలు ఊడాయి. సీటు బయట పెట్టారు. కింద తివాచీ చూడటానికి పొడిగానే ఉంది. మరిది మోచేత్తో నొక్కాడు. కుడి మూలలో బురద నీళ్ళు పైకి తేలాయి. ముక్కిన వాసన గుప్పున కొట్టింది.

తివాచీ ఎత్తాడు. తీగల కట్ట ఒకటి, దానికి వేలాడుతూ నీలం పూల గుడ్డ పీలిక, కుళ్ళి సగానికి తెగి ఉంది. కూతురికి పొట్టయిపోయిన గౌను గుడ్డ అది. దాని కింద, నీళ్ళలో బోర్లాపడి, పచ్చగా చిలుం పట్టిన చిన్న డబ్బీ.

మరిది చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. "అన్నయ్య ముడి" అన్నాడు చివరికి. "ఇలా రెండుసార్లు తిప్పి కట్టేది ఆయనొక్కడే."

డెంటింగ్ మేస్త్రి సుత్తి పక్కన పెట్టి వచ్చి తొంగిచూశాడు. ఆ పూట ఆయన కూడా వేళాకోళం ఆడలేదు.

తర్వాత పని తేలిగ్గానే సాగింది. రిలే నీళ్ళలో పడి, నానిపోయి, ఆగమన్నా ఆగకుండా కరెంటు వదులుతూనే ఉంది. బండి ఎలా పడుకుంటుంది? అన్నయ్య పాత రిలేలు దాచిన రేకు డబ్బా వెతికితే జోడు దొరికింది. మరిది తీగల మొనలు గీకి శుభ్రం చేసి ఆరబెట్టాడు. పైకప్పు అద్దం నుంచి నీళ్ళు దిగే సన్న గొట్టం మూసుకుపోయింది. సైకిలు బ్రేకు తీగ దూర్చి పొడిస్తే నల్లటి మడ్డి ఊడిపడింది. డ్రైవరు బాబాయి పైనుంచి గ్లాసుడు నీళ్ళు పోశాడు. బండి కింద నేల మీద ధారగా పడ్డాయి.

"కంటి డాక్టరుగారి బండికి ఆపరేషను అయింది" అన్నాడు బాబాయి, గ్లాసు దించి.

"పైకి కట్టాలి" అన్నాడు మరిది. "ప్లాస్టిక్ తాడు వేస్తే ఎండకు తెగుతుంది. గుడ్డ ఏదైనా ఉందా వదినా?"

ఆమె చేతిలో పుస్తకం చుట్టి తెచ్చిన తువ్వాలు ఉంది. ఒక్క క్షణం ఆగింది. పళ్ళతో కొరికి, అంచు పొడుగునా చించి ఇచ్చింది.

ఇక పరీక్ష ఒక్కటే మిగిలింది. తలుపులన్నీ వేసి, తాళం పెట్టి, అరగంట దాకా ఎవరూ తలుపు తియ్యకూడదు. తీస్తే బండి మళ్ళీ మేలుకుంటుంది. డిక్కీలో బ్యాటరీకి కలిపిన మీటరు తీగలు బయటికి లాగి మరిది స్టూలు వేసుకున్నాడు.

"అంకె దిగినా అన్నయ్య నమ్మేవాడు కాదు. ఎవరో ఒకరు లోపల కూర్చుని రిలే మీద వేలు పెట్టి చూడాలి. పని చేస్తున్నంతసేపూ వెచ్చగా ఉంటుంది, పడుకుంటే చల్లబడుతుంది."

"నన్ను పిలవకండి" అన్నాడు డెంటింగ్ మేస్త్రి. "నా వేళ్ళకు నిప్పు తగిలినా తెలియదు."

"బాబాయిని కూర్చోబెడితే బండికంటే ముందు ఆయనే పడుకుంటాడు" అన్నాడు మరిది. "నువ్వే కూర్చోవాలి వదినా."

తెరిచిన తలుపు దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇరవై ఒక్క ఏళ్ళ కింద ఎక్కనివ్వని బండి. పనుంటేనే కూర్చోవాలి. ఉంది కదా ఇప్పుడు పని. లోపలికి వెళ్ళింది. సీటు లేదు కాబట్టి మరిది పరిచిన గోనెపట్టా మీద, కుడి మూలలో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మరిది అద్దం వేలెడంత దించి తలుపు వేశాడు. తాళం నాలుగు వైపులా ఒక్కసారి పడింది. నడినెత్తి దీపం కాసేపు వెలిగి, మెల్లగా సన్నగిల్లి ఆరిపోయింది. ఉయ్యాల కొక్కెం, అనుకుంది.

వేలి కింద రిలే వెచ్చగా ఉంది.

బయట సుత్తి మోత ఆగిపోయింది. ఎడమ తలుపులో ఎక్కడో టిక్కుమంది. ఒక గదిలో దీపం ఆపినట్టు. కాసేపటికి ముందువైపు ఇంకొకటి. వంటిల్లు సర్దుకుంది. నడిమి గది సర్దుకుంది. తలకు ఎడమ పక్కన బీరువా ఉండాలి, ఉన్నట్టే ఉంది. వెనక కొట్టులో అత్తగారి ట్రంకు పెట్టె. కూలగొట్టారని ఎవరన్నారు? ఇక్కడే ఉంది ఇల్లు. వీధుల్లో తిరుగుతూనే ఉంది ఇన్నాళ్ళూ. రోజూ అయిదున్నరకు గుమ్మం ముందు నుంచే వెళ్ళింది, తనే గుర్తుపట్టలేదు.

"పని మీదే కూర్చున్నాను లెండి" అంది లోపల్లోపల. "ఊరికే కాదు."

సబ్బు చేతులతో ఎవరూ వచ్చి ఎదురుగా నిలబడలేదు. చెప్పకుండా వెళ్ళినందుకు ఆమెకు ఆయన మీద కోపం ఉంది. ఎనిమిది నెలలుగా ఉంది. ఏ మూల కూర్చోవాలో తెలియక ఆ కోపాన్ని ఇల్లంతా మోసుకు తిరిగింది. ఇప్పుడు కూర్చుంది. కూర్చుని, మూతి ముడుచుకుని, కావలసినంత అలిగింది. కళ్ళ వెంట కారినవి చుబుకం దాకా వచ్చాయి. కప్పు మాత్రం కారటం లేదు.

వేలి కింద వెచ్చదనం తగ్గుతూ వచ్చింది. గోరువెచ్చన, ఆ తర్వాత అదీ లేదు. పక్కనున్న రేకు ఎంత చల్లగా ఉందో రిలే కూడా అంతే చల్లగా ఉంది. ఆమె వేలు తియ్యలేదు.

అద్దం మీద మరిది మెల్లగా తట్టాడు. వంగి, సందులోంచి గుసగుసగా అన్నాడు. "వదినా, అంకె దిగిపోయింది. పడుకుంది బండి. గెలిచాం. దిగు ఇక. బాబాయి డాక్టరుగారికి ఫోను చేస్తానని గంతులేస్తున్నాడు."

ఆమె తల తిప్పలేదు.

"ఇంకా కొంచెం వెచ్చగా ఉంది. ఉండు" అంది.

మరిది చేతిలో మీటరు చూసుకున్నాడు. వదిన ముఖం చూశాడు. బాబాయికి ఆగమని చెయ్యి ఊపి, స్టూలు మీద మళ్ళీ కూర్చున్నాడు.